బెత్తెడు దూరం

రోజుకు నలభై చేతులకు పట్టీ కడతాను.
మోచేతికి పైన బిగించి,
నరం ఉబికేదాకా వేలితో తట్టి
"చిన్న చురుకు, అంతే" అంటాను.
ఇంగ్లిష్‌లోనే అంటాను, లోపల మాత్రం తెలుగులో వినబడుతుంది.
బల్లారట్‌లో రక్తం తీసేవాళ్ళలో
నాకు మంచి పేరే ఉంది.

ఇంట్లో చింతాకు ఒప్పుకోలేదు.
చింతాకంటే మా చిలుక. మెడకింకా గులాబీ గీత రాలేదు.
ముత్తాతలది మన దేశమేనని అందరికీ చెబుతాను గానీ
అది పుట్టింది సెబాస్టపోల్‌లో, ఒక రిటైరైన ప్లంబర్ గ్యారేజీలో.
భుజమెక్కుతుంది, చెవిలో కబుర్లాడుతుంది,
చెయ్యి చాపితే మాత్రం
కంటిపాప సూదిమొనంత అయిపోతుంది.

పోస్టులో వచ్చిన జీను (జీను అనొచ్చో లేదో,
నా చిటికెనవేలంత లేని నీలం నాడా,
రెండు ఉచ్చులు, ఒక బకిల్)
మొదటిరోజే తొడిగేద్దామనుకున్నాను.
నలభై చేతుల అనుభవం కదా.
బొటనవేలికి కుట్లు పడలేదు, కట్టు పడింది.
ఆ తర్వాత పదకొండు రోజులు
నా భుజానికి చిలుక బరువు లేదు.

ట్రెథోవన్ గారు నెలకోసారి వస్తారు,
రక్తం పల్చబడే మందు వాడుతున్నారు.
కట్టు చూసి అడిగితే చెప్పాను.
ముప్పయ్యేళ్ళు బండిపందేల గుర్రాలకు జీను వేసిన మనిషి.
"తొందరపడ్డావమ్మాయ్" అన్నారు.
"ముందు వాసన చూడనివ్వాలి. చూశాక వెళ్ళిపోనివ్వాలి.
వెళ్ళిపోవచ్చని తెలిసిందే నిలబడుతుంది."
ఆ మాట చెబుతూ గోడవైపు తిరిగారు, ఎప్పట్లాగే,
నేను సూది దించుతుంటే.
ఆరేళ్ళుగా అది మర్యాద అనుకున్నాను.

మళ్ళీ మొదలుపెట్టాను, బారెడు దూరం నుంచి.
కిటికీ గొళ్ళేనికి నాడా వేలాడదీసి
రెండు వారాలు దానివంక నేనూ చూడలేదు.
తర్వాత మూరెడు. ఉచ్చు అవతల పొద్దుతిరుగుడు గింజ,
ఇవతల ముక్కు.
మెడ చాచినంత చాచింది. చాచనినాడు గింజ నేనే తిన్నాను.

ఒక ఆదివారం తల దూర్చింది, గింజ అందుకుంది,
తల లాగేసుకుంది.
నేను వంటింట్లోకెళ్ళి
ఫ్రిజ్ తలుపు పట్టుకుని నవ్వాను.
మర్నాడు నాడా చూడగానే కర్టెన్ రాడ్ ఎక్కి కూర్చుంది.
మళ్ళీ మూరెడు.
నా లెక్కలో అది వెనక్కి. చిలక లెక్క వేరు.

చలికాలమంతా ఇదే పని.
రెక్క ఎత్తడానికి ఆగస్టు,
బకిల్ చప్పుడుకి సెప్టెంబరు:
చిటుక్, గింజ. చిటుక్, గింజ.
ఏమీ కట్టకుండా, ఖాళీ గాలిలో.
వెండూరీ చెరువులో నల్లహంసలు ఈలోపు
పిల్లల్ని పొదిగి నీళ్ళలోకి దింపేశాయి కూడా.

పనిలోనూ ఏదో పాడైంది నాకు.
పట్టీ ముందు బల్లమీద పెడుతున్నాను. ఆగుతున్నాను.
ఒక పిల్ల దాన్ని తీసుకుని సాగదీసి, తన బొమ్మకి చుట్టి,
ఆలోచించి, తిరిగిచ్చింది.
ట్రెథోవన్ గారు మొన్న
గోడని వదిలి పట్టీని చూశారు, సూదిని కాదు.
వరస పెరుగుతోందని షానన్ రెండుసార్లు చెప్పింది.
నలభై కాస్తా ముప్పైనాలుగైంది.

నిన్న సాయంత్రం, బెత్తెడు.
నా చేతిలో గింజ లేదు.
ఉందనుకుని వచ్చిందో, తెలిసే వచ్చిందో,
తల, కుడిరెక్క, ఎడమరెక్క, చిటుక్.
నేను ఊపిరి వదిలేలోపు
నా గొంతుతో, నా తొందరతోనే అంది:
"చిన్న చురుకు, అంతే."

వరండాలోకి తీసుకెళ్ళాను.
ఎదురింటి యూకలిప్టస్ నిండా గలా పిట్టల గోల.
చింతాకు ఎగరలేదు. నాడా కొరకలేదు.
గాలికి ఈకలు అప్పగించి, ఆకాశాన్ని
ఒక కంటితో చూసింది,
తల తిప్పి రెండో కంటితో సరిచూసుకుంది.

నాడా కొస నా మణికట్టుకి చుట్టి ఉంది,
కొంచెం బిగుతుగానే.
నరం ఉబికింది.
అలవాటుకొద్దీ, వేలితో తట్టాను.